ఎన్‌హెచ్ 5 మీద ఛిత్కుల్ దాకా

మా ఉలవపాడులో రోడ్డు పక్కన మామిడికాయల కొట్టు పెట్టుకున్న ఏ పెద్దాయన్నయినా అడగండి, ఎదురుగా ఉన్న హైవే పేరు ఎన్‌హెచ్ ఫైవ్ అనే చెబుతాడు. 2010లో కేంద్రం జాతీయ రహదారుల నెంబర్లన్నీ మార్చినప్పుడు మాది 16 అయింది. బోర్డులు మారాయి గానీ మా నోళ్లు మారలేదు. జిల్లా సంగతీ అంతే. 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. బ్యాంకులో ఫారం నింపేటప్పుడు పెన్ను ఒక్క క్షణం ఆగేది.

మరి మా దగ్గర్నుంచి తీసేసిన ఆ 5 ఎక్కడికి పోయింది? పంజాబులో ఫిరోజ్‌పూర్ దగ్గర మొదలై, లూధియానా, చండీగఢ్, షిమ్లా మీదుగా పోయి, సట్లెజ్ నది వెంటే టిబెట్ సరిహద్దులోని షిప్కీ లా కనుమ దాకా ఎక్కే రోడ్డుకి ఇచ్చారు. ఈ సంగతి కనిపెట్టింది మా బామ్మర్ది. సింగరాయకొండ దగ్గర హైస్కూల్లో హిందీ మాస్టారు. తీరిక దొరికితే ఫోన్‌లో మ్యాపు చూస్తూ కూర్చునే రకం. "బావా, మన రోడ్డు హిమాలయాల్లో ఉండాది, పోయి చూసొద్దాం పద" అన్నాడు. నవ్వి ఊరుకున్నా. ఆ రోడ్డు పొడుగునా ఆపిల్ తోటలేనని అన్నాక మాత్రం మనసు లాగింది. తోట ఉన్నోడికి ఇంకొకడి తోట చూడటం కన్నా సరదా ఏముంటుంది?

సెప్టెంబరు చివర బయల్దేరాం, ఆ రోడ్డు మీద కర్చం దాకా పోయి, అక్కణ్నుంచి సాంగ్లా లోయ పైకి ఛిత్కుల్ అనే ఊరి దాకా. మామిడి వాళ్లకి అది ఖాళీ కాలం. కాయ దిగిపోయి, కొమ్మ కత్తిరింపులూ ఎరువులూ అయిపోయి, అక్టోబరు వానల కోసం చూస్తూ ఉంటాం. ఆ లోయ ఉన్న హిమాచల్ కిన్నౌర్ జిల్లాలో సరిగ్గా అప్పుడే ఆపిల్ కోతలు. పైగా అప్పటికి అక్కడ వానలు తగ్గిపోతాయి. జూలై, ఆగస్టుల్లో మాత్రం ఆ దారిన పోకండి. 2021 జూలైలో ఈ లోయలోనే బట్సేరి దగ్గర కొండ మీంచి బండలు దొర్లి టూరిస్టుల బండి మీద పడితే తొమ్మిది మంది పోయారు. మరుసటి నెలలో నిగుల్‌సరి దగ్గర చరియ విరిగి ఆర్టీసీ బస్సునే పూడ్చేసింది. ఇప్పటికీ అక్కడికి వచ్చేసరికి బస్సులో మాటలు తగ్గిపోతాయి, అందరూ కొండ వైపు చూస్తారు.

ఒంగోలులో రాత్రి జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడో రోజు పొద్దునకి ఢిల్లీ. ఆ ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. తెచ్చుకున్న పులిహోర నాగపూర్ దాటకముందే అయిపోయింది. కాల్కా నుంచి షిమ్లాకి బొమ్మరైలు ఉంది, 1903 నాటిది, 96 కిలోమీటర్ల దారిలో 102 సొరంగాలు. మాకు టికెట్లు దొరకలేదు, దొరక్కపోయినా మా వాడికి బాధ లేదు. ఆయన వచ్చిందే రోడ్డు కోసం. కాల్కా దాటాక పసుపురంగు పూసిన కిలోమీటరు రాయి మీద ఎన్‌హెచ్ 5 అని చూడగానే కిటికీలోంచి ఫోన్ బయటపెట్టి ఫోటో తీశాడు. పక్క సీటులోని సర్దార్జీకి ఆ రాయిలో ఏముందో అర్థం కాలేదు. మా వాడు హిందీలో మొత్తం చరిత్ర చెప్పాడు. పాపం, ఆయన వినయంగా విన్నాడు.

షిమ్లాలో ఒక రాత్రి పడుకుని, తెల్లారి హిమాచల్ ఆర్టీసీ బస్సు ఎక్కాం. నార్కండా దగ్గరికొచ్చేసరికి రెండు పక్కలా ఆపిల్ తోటలు మొదలయ్యాయి. అక్కడికి దగ్గర్లోనే కోట్‌గఢ్. హిమాచల్‌లో ఇవాళ అమ్మే ఎర్ర ఆపిల్ కథ ఆ ఊళ్లోనే మొదలైంది. శామ్యూల్ స్టోక్స్ అని ఒక అమెరికా ఆయన 1904లో కుష్ఠు రోగులకి సేవ చేద్దామని మన దేశం వచ్చి, కోట్‌గఢ్‌లో స్థిరపడి, ఆ ఊరి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. 1916లో అమెరికా నుంచి రెడ్ డెలీషియస్ మొక్కలు తెప్పించి నాటాడు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకి పోయాడు, తర్వాత సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. ఒక మనిషి తెచ్చిన మొక్కల మీద ఇవాళ ఒక రాష్ట్రంలో ఇన్ని వేల కుటుంబాలు బతుకుతున్నాయి. తోటలో అంటు కట్టే ప్రతివాడూ ఆయన గురించి తెలుసుకోవాలి.

నార్కండా దాటాక రోడ్డు కిందికి దిగి సట్లెజ్‌ని కలుసుకుంటుంది. రాంపూర్‌లో మళ్లీ ఉక్కపోత, స్వెటర్లు తీసి సంచిలో పెట్టాం. జ్యూరీ దాటి చౌరా దగ్గర కిన్నౌర్ జిల్లా మొదలవుతుంది. అక్కణ్నుంచి తరండా అనే చోట రోడ్డుని కొండ రాతిలోకే తొలిచారు. తలమీద రాయి, కుడి చేతి పక్క రాయి, ఎడమ చేతి పక్క ఏమీ లేదు. ఎక్కడో కింద బూడిద రంగు నది. డ్రైవరు అక్కడున్న అమ్మవారి గుడి ముందు బస్సు ఆపి, దిగి దణ్ణం పెట్టుకుని వచ్చాడు. మా పక్క లారీ వాళ్లు పోలేరమ్మ గుడి దగ్గర ఆపి కొబ్బరికాయ కొట్టినట్టే. అంతసేపూ హుషారుగా ఉన్న మా బామ్మర్ది, "బావా, ఈ ఎన్‌హెచ్ ఫైవ్ కన్నా మన పదహారే మేలు" అన్నాడు.

కర్చం దగ్గర దిగాం. ఎన్‌హెచ్ 5 సట్లెజ్ వెంట జిల్లా కేంద్రం రికాంగ్ పియో వైపు పోతుంది, సాంగ్లా దారి బస్పా నది వెంట పైకి తిరుగుతుంది. రెండు నదులు కలిసేచోట ఒకటి బురద, ఇంకొకటి ఆకుపచ్చ. ఇక్కడొక మాట చెప్పాలి. చెయ్యి పడని లోయ అని ఈ ప్రాంతం గురించి రాసేవాళ్లు కర్చంలో కళ్లు మూసుకుని వస్తారేమో. సట్లెజ్ మీద వెయ్యి మెగావాట్లు దాటిన కర్చం వాంగ్టూ కరెంటు ప్రాజెక్టు, బస్పా మీద 300 మెగావాట్ల ఇంకో ప్రాజెక్టు. లోయ గుమ్మంలో కనిపించేది డ్యామూ, సొరంగాల మట్టి గుట్టలూ, కరెంటు తీగలూ. అవన్నీ దాటుకుని లోపలికి పోవాలి.

సుమారు 18 కిలోమీటర్లు ఇరుకు మలుపులు ఎక్కాక లోయ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అదే సాంగ్లా, దాదాపు 2700 మీటర్ల ఎత్తు. తలెత్తి చూస్తే కిన్నెర కైలాసం కొండల వరస, మంచు. కింద ఇళ్ల మధ్య, గుడి వెనక, బస్టాండు పక్కన, ఎక్కడ చూసినా ఎర్రటి కాయలతో చెట్లు. మేం దిగిన ఇంటాయన ఇంటిపేరు నేగీ. కిన్నౌర్‌లో రాయి విసిరితే నేగీకే తగులుతుందని ఆయనే నవ్వుతూ చెప్పాడు. తలమీద ఆకుపచ్చ పట్టీ ఉన్న గుండ్రటి టోపీ, నిద్రలో కూడా తీస్తాడో లేదో తెలియదు.

నాకు మామిడి తోట ఉందని బామ్మర్ది చెప్పగానే నేగీ మమ్మల్ని టూరిస్టులుగా చూడటం మానేశాడు. టీ కూడా ఇవ్వకుండా నేరుగా తోటలోకి తీసుకుపోయాడు.

ఆపిల్ కోయడం చూస్తే నాకు అసూయ పుట్టింది. మేం గడకి చిక్కం కట్టి, చెట్టెక్కి, సొన మీద పడి చర్మం కాలకుండా చూసుకుంటూ కోస్తాం. వాళ్ల చెట్లు మనిషి ఎత్తుకి ఇంకాస్త పైన. కాయని అరచేతిలో పట్టుకుని పైకెత్తి కొంచెం తిప్పితే తొడిమతో సహా చేతిలోకి వచ్చేస్తుంది. లాగావా, పక్కనున్న చిన్న కణుపు విరిగిపోతుంది. వచ్చే ఏడు పూత రావలసింది ఆ కణుపు మీదే. నేను మొదటి కాయ కోసేటప్పుడు నేగీ నా మణికట్టు పట్టుకుని తిప్పించాడు. ఎర్ర చెట్ల మధ్య అక్కడక్కడా పసుపు కాయల చెట్టు ఒకటి ఉంది. అదేంటి, వేరే రకం ఎందుకు కలిపారని అడిగా. రెడ్ డెలీషియస్ తన పుప్పొడితో తాను కాయదట, అందుకని గోల్డెన్ చెట్లు మధ్యమధ్యలో పెడతారు. పూత మీద తేనెటీగల పెట్టెలు అద్దెకి తెచ్చి తోటలో దించుతారు. అద్దెకి తేనెటీగలు! మా ఊళ్లో ఈ మాట చెబితే ఎవరూ నమ్మలేదు.

ఇంక బాధల దగ్గరికొచ్చాక ఇద్దరం ఒకటే భాష మాట్లాడుకున్నాం, మా వాడు అనువాదం చేసే పని కూడా పెద్దగా పడలేదు. మాకు పూత మీద తేనెమంచు పురుగు, ఈమధ్య తామర పురుగు. వాళ్లకి మచ్చ తెగులు, వడగళ్లు. మాకు చలికాలం సరిగ్గా లేకపోతే పూత ఆలస్యం. వాళ్లకి ఇంకా ఘోరం. ఈ డెలీషియస్ రకాలకి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి సుమారు వెయ్యి గంటల పైన తగిలితేగానీ మొగ్గ సరిగ్గా మేలుకోదు. హిమాచల్‌లో కింది ఎత్తుల్లో చలి చాలక తోటలు దెబ్బతింటే ఆపిల్ ఏటికేడు పైకి పాకుతోంది. మంచు కురిస్తేనే నీళ్లు కూడా. ఈ లోయలోకి వానలు పెద్దగా రావు, మంచు కరిగిన నీళ్లని చిన్న కాలవల్లో తోటలకి మళ్లిస్తారు. "మంచు పడని ఏడు మాకు రెండు నష్టాలు" అన్నాడు నేగీ.

కాయల్ని గ్రేడు చేసే రేకుల షెడ్డులో ఎక్కువసేపు గడిపాం. అట్టపెట్టెలో గుంటలున్న ట్రే, దాని మీద కాయలు, మళ్లీ ట్రే. సైజుని బట్టి పేర్లు, అన్నిటికన్నా చిన్నకాయ పేరు పిట్టూ. ఆ పేరు మా ఇద్దరికీ తెగ నచ్చింది. పాత పెట్టెలు రెండు ముక్కలుగా ఒకదాని మీదొకటి జరిగేవట. వ్యాపారులు పైమూత పైకి లాగించి, ముప్పై కిలోల దాకా కూరించి, డబ్బు మాత్రం ఒక పెట్టెకే ఇచ్చేవాళ్లు. తోటల వాళ్లు చాలాకాలం గొడవ చేస్తే 2024లో ప్రభుత్వం ఒకే ముక్కగా ఉండే పెట్టెని తప్పనిసరి చేసింది. అందులో ఇరవై కిలోలు, కాస్త అటూ ఇటూ, అంతకుమించి పట్టదు. నేను మా మార్కెట్లో టన్నుకి ఇంతని తీసే తరుగు సంగతి చెప్పా. నేగీ కాసేపు ఆలోచించి, "మీకూ ఒక పెట్టె కావాలి" అన్నాడు.

సాంగ్లా నుంచి ఛిత్కుల్ సుమారు పాతిక కిలోమీటర్లు. రోజుకి బస్సులు తక్కువ, ముందురోజే కండక్టర్ని అడిగి టైము రాసిపెట్టుకోండి. దారిలో రక్‌ఛం ఊరు. నా మాట వింటే ఛిత్కుల్‌లో కాదు, రక్‌ఛంలో దిగండి. మూడు వేల మీటర్ల పైన ఉంటుంది, నది ఒడ్డున ఇళ్లు, నెత్తిమీద నిట్టనిలువు రాతి కొండలు. ఇక్కడికొచ్చేసరికి ఆపిల్ చెట్లు పలచబడి ఓగ్లా చేలు మొదలవుతాయి. ఓగ్లా అంటే బక్‌వీట్, పిండి ఆడించుకునే గింజ పంట. ఆగస్టు, సెప్టెంబరుల్లో లోయంతా గులాబీ రంగు పూత ఉంటుందని ఫోటోల్లో చూసి వచ్చాం. మేం పోయేసరికి పూత రాలి కాడలు ఎర్రబడ్డాయి, సగం చేలు కోసి కుప్పలు వేసేశారు. నాకు అదే బాగుంది. పూత చూడ్డానికి వచ్చేవాళ్లు వెళ్లిపోయారు, కోత కోసేవాళ్లు మిగిలారు.

రక్‌ఛంలో మేం ఉన్న ఇల్లు ఒక వరస రాయి, ఒక వరస దేవదారు దూలం, మళ్లీ రాయి, ఇలా పేర్చిన పాతకాలం కట్టడం. సున్నం లేదు, సిమెంటు లేదు. భూకంపం వచ్చినా కదిలి సర్దుకుంటుందట. గదిలో రేకుల పొయ్యి, దాని గొట్టం కప్పులోంచి బయటికి. రాత్రి ఆ ఇంటావిడ ఓగ్లా పిండితో అట్లు పోసి, వెన్న వేసి పెట్టింది. కొంచెం చేదు, వేడిగా తింటే తెలియదు. మా వాడు సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీశాడు. ఓగ్లా అట్టూ గోంగూరా కలిస్తే ఎలా ఉంటుందో మీరు ఊహించలేరు, నేను వర్ణించలేను, కానీ ఆవిడ రెండోసారి అడిగి వేయించుకుంది.

ఛిత్కుల్ 3450 మీటర్లు. మా పక్క వాళ్లకి ఎత్తు అంటే ఉదయగిరి దుర్గం, అది 3079 అడుగులు. అంటే అలాంటివి మూడున్నర పేర్చి పైన ఇంకాస్త. బస్సు దిగి పది మెట్లు ఎక్కానో లేదో గుండె చెవుల్లో కొట్టుకుంది. ఆయాసం వచ్చిందని టెన్షన్ పడక్కర్లేదు, సాంగ్లాలోనో రక్‌ఛంలోనో ఒకటి రెండు రాత్రులుండి వస్తే ఒళ్లు అలవాటు పడుతుంది. షిమ్లా నుంచి ఒకే రోజు ఎక్కి వచ్చినవాళ్లు తల పట్టుకుని కూర్చోవడం చూశాం.

బస్సు ఆగేచోటు చూసి నిరుత్సాహపడకండి. కొత్త హోటళ్లు, హిందుస్థాన్ ఆఖరి ఢాబా అని బోర్డు, దాని ముందు రీల్స్ తీసుకునే క్యూ. మేమూ అక్కడ రాజ్మా అన్నం తిన్నాం, బాగుంది. ఆ రోడ్డు వదిలి ఊళ్లోకి ఎక్కండి. పలకరాయి కప్పుల చెక్క ఇళ్లు, మధ్యలో మాథీ దేవి గుడి. చెక్కడం పనంతా చూడాలంటే మెడ నొప్పి పుడుతుంది. ఊళ్లో ఎవరూ మమ్మల్ని పట్టించుకోలేదు, పట్టించుకునే తీరిక లేదు. వీపున శంకు ఆకారపు బుట్టలు, కిల్టాలంటారు, వాటి నిండా గడ్డి. కప్పుల కింద గడ్డి, చూర్ల మీద గడ్డి, కర్రల మధ్య దోపిన గడ్డి. మంచు పడితే నెలల తరబడి పశువులకి అదే మేత. కింద పొలంలో ఇద్దరు ఆడవాళ్లు బంగాళాదుంపలు తవ్వుతున్నారు. ఛిత్కుల్ దుంపకి కింది ఊళ్లలో మంచి రేటు పలుకుతుందట. మా వాడు సాయం చేస్తానని గొడ్డలి లాంటి ఆ పనిముట్టు తీసుకున్నాడు. నాలుగు దెబ్బలకే రొప్పుతూ కూలబడ్డాడు. వాళ్లు పకపకా నవ్వారు.

నది వెంట పైకి నడిచాం. భోజపత్ర చెట్లు, తెల్లటి బెరడు కాగితం పొరలుగా ఊడి వస్తుంది. నీళ్లలో చెయ్యి పెడితే పది అంకెలు లెక్కపెట్టేలోపు వేళ్లు మొద్దుబారాయి. కొన్ని కిలోమీటర్లు పోతే నాగస్తి దగ్గర సరిహద్దు కాపలా దళం ఐటీబీపీ చౌకీ, మేం పోయినప్పుడు మామూలు మనిషికి దారి అక్కడితో ఆగిపోయింది.

తిరిగి సాంగ్లా వచ్చాక ఇంత అందమైన లోయ ఎలా మిగిలిందని మాలో మాకే వాదన. మా బామ్మర్ది దేవత వల్ల అన్నాడు. అక్కడ ఊరి పెద్ద నిర్ణయాలన్నీ దేవత పల్లకిని అడిగి తీసుకుంటారు, ఎదురు చెప్పేవాళ్లు లేరు. నేను భూమి చట్టం వల్ల అన్నా. కిన్నౌర్ గిరిజన జిల్లా, గిరిజనుల భూమి ప్రభుత్వ అనుమతి లేకుండా గిరిజనేతరులు కొనడానికి లేదు. హోటలు కట్టినా, తోట వేసినా మామూలుగా భూమి ఊరివాడి పేరు మీదే ఉంటుంది. నాకు మా హైవే పక్కన గుర్తొచ్చింది. మా తాత కాలం నాటి చెట్లు కొట్టించి, రంగు రాళ్లు పాతి, జెండాలు కట్టిన వెంచర్లు. కొన్నవాళ్లలో సగం మంది ఊరి మొహం చూసినవాళ్లు కాదు. అమ్మినవాడిని తప్పు పట్టను, మూడేళ్లు వరసగా పూత మాడిపోతే ఎవడు మాత్రం ఏం చేస్తాడు? కానీ అమ్మే వీలే లేకపోతే ఆ మూడేళ్లూ ఎలాగోలా ఓర్చుకునేవాడేమో. నేగీ మా ఇద్దరి మాటా విని, "ఆపిల్‌కి రేటు ఉన్నంతకాలం దేవతా ఉంటుంది, చట్టమూ ఉంటుంది" అన్నాడు. దీనికి ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

బయల్దేరే రోజు మా తోట కాయతో చేసిన మామిడి తాండ్ర పొట్లం ఆయన చేతిలో పెట్టా. ఒక ముక్క నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, పెళ్లాన్ని పిలిచాడు, కొడుకుని పిలిచాడు, పక్కింటి నేగీని కూడా పిలిచాడు. ఎండబెట్టినదే ఇలా ఉంటే కాయ ఎలా ఉంటుంది, మే నెలలో పంపగలవా అని అడిగాడు. అప్పట్నుంచీ అదే లెక్క నడుస్తోంది. ముదిరిన బంగినపల్లి కాయ కోసి, సొన కార్చి, గడ్డిలో పెడితే ఒంగోలు నుంచి ఢిల్లీకి రైల్లో పోతుంది. ఢిల్లీలో ఒకరు దింపుకుని చండీగఢ్ బస్సులో వేయాలి, అక్కడ సాంగ్లా బస్సు డ్రైవరు చేతిలో పెట్టాలి. దారిలో ఎండకి సగం పండుతుంది, పైకెక్కాక చలికి ఆగిపోతుంది. కాబట్టి మామూలు కన్నా రెండు రోజులు ముదరనిచ్చి కోస్తే సరిపోతుందని నా అంచనా. కాదు, ఇంకో రోజు ఆగాలని బామ్మర్ది. చెట్టెక్కి ఒక్క కాయ కోసినవాడు కాదు గానీ అభిప్రాయానికేం తక్కువ లేదు.

మా ఆవిడ ఇదంతా విని ఒకటే అంది: "బెజవాడలో ఉన్న మీ చెల్లెలికి బుట్ట పంపమంటే ట్రాన్స్‌పోర్ట్ వాడు తీసుకోడంటారు. టిబెట్ బోర్డరుకి మాత్రం పంపుతారంట."